అన్నయ్య నాకు అన్నయ్యేనని రుజువు చేసుకుని: సస్కాచెవాన్ పీఆర్‌తో మా రెండున్నరేళ్ళు

2022 ఏప్రిల్‌లో ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్షకి డబ్బు కట్టాను. 2024 అక్టోబర్ మొదటివారంలో నేను, మా ఆవిడ, ఆరేళ్ళ బాబు కెనడాలో, సస్కాచెవాన్ ప్రావిన్స్‌లోని రెజైనాలో దిగాం. మధ్యలో ఏ నెలలో ఏం జరిగింది, ఎక్కడ ఎంతైంది, ఎక్కడ ఆగిపోయాం అన్నది వరసగా రాస్తున్నాను. పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, మేం వెళ్ళిన దారి సస్కాచెవాన్ ప్రావిన్స్ నామినేషన్. ప్రావిన్స్ మన పేరు సిఫార్సు చేస్తుంది, పీఆర్ ఫెడరల్ ప్రభుత్వం ఇస్తుంది. అందులో మాది ‘ఆక్యుపేషన్ ఇన్ డిమాండ్’ అనే విభాగం. మేం పెట్టినప్పుడు దీనికి జాబ్ ఆఫర్ అక్కర్లేదు, ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ (స్కోరు ఎక్కువున్నవాళ్ళని ఫెడరల్ ప్రభుత్వం డ్రాల్లో పిలిచే పద్ధతి) ప్రొఫైలూ అక్కర్లేదు. నేను హైదరాబాద్‌లో ఒక ఫార్మా కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. పాయింట్ల లెక్కలు చెప్పేవాళ్ళు ఎక్కడపడితే అక్కడ దొరుకుతారు. కాగితాల సంగతి చెప్పినవాళ్ళే నాకు దొరకలేదు. అందుకని ఆ భాగం కాస్త ఎక్కువే రాస్తాను.

ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఎందుకు కాదంటే, అందులో నా స్కోరు 430 దగ్గరే ఆగింది. 2022 జులై 6న అందరికీ కలిపి డ్రాలు మళ్ళీ మొదలైనప్పుడు కటాఫ్ 557. ఆ అంకె చూశాక ఆ ఆశ పూర్తిగా వదిలేశాను. సస్కాచెవాన్‌ది వేరే లెక్క. మొత్తం 110, కనీసం 60 రావాలి. ఎంబీఏకి 23, పదేళ్ళ అనుభవానికి 15, ఇంగ్లిష్‌కి 20, 34 దాటని వయసుకి 12, వెరసి 70. ఆ ప్రావిన్స్‌లో దగ్గరి బంధువు ఉంటే ఇంకో 20. మా పెదనాన్నగారి అబ్బాయి చాలా ఏళ్ళుగా రెజైనాలోనే ఉంటున్నాడు, సిటిజన్ కూడా. సొంత అన్నదమ్ములే కాదు, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ పిల్లల్ని కూడా వాళ్ళు దగ్గరి బంధువులుగానే లెక్కేస్తారు. ఆ రూల్ చదివినప్పుడు మనవాళ్ళెవరో రాసినట్టే ఉందనిపించింది.

అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి వెళ్తే, లక్షా ఎనభై వేలు మూడు వాయిదాల్లో కట్టమన్నారు. అన్నయ్య సంగతి చెప్తే అక్కడి అమ్మాయి, “కజినా సార్? అది ప్రూవ్ చెయ్యడం కష్టం, వదిలెయ్యండి, 70తో వెళ్దాం” అంది. కష్టమైన పని ఎలాగూ వాళ్ళు చెయ్యనప్పుడు ఆ డబ్బు దేనికని, సొంతంగా చేసుకోవాలని బయటికి వచ్చేశాను.

ఐఈఎల్‌టీఎస్ జనరల్‌కి 15,500 రూపాయలు అయింది. లిజనింగ్ 8, రీడింగ్ 7, రైటింగ్ 6.5, స్పీకింగ్ 7 వచ్చాయి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఉన్నవాళ్ళు ఆ రైటింగ్ అరమార్కు కోసం మళ్ళీ మళ్ళీ రాస్తుంటారు. సస్కాచెవాన్‌లో సీఎల్‌బీ (కెనడా భాషా కొలమానం) 8కే, అంటే నాకొచ్చిన మార్కులకే, పూర్తి 20 పాయింట్లు ఇచ్చేస్తారు కాబట్టి నాకు ఆ గొడవ లేదు. మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో తేల్చే చదువు మదింపు డబ్ల్యూఈఎస్ అనే సంస్థలో చేయించాను. వాళ్ళు తీసుకున్న సమయం తక్కువే, యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్స్ సీల్డ్ కవర్‌లో వాళ్ళకి చేరడానికి పట్టిందే ఎక్కువ. ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో సంతకం పెట్టాల్సిన అధికారి సెలవులో ఉన్నారు, ఆయన వచ్చేసరికి కవర్ మీద వేసే స్టాంపు ఇంకెవరి బీరువాలోనో ఉంది. మొత్తానికి మే నెలలో పెట్టిన అప్లికేషన్‌కి జులై మొదటివారంలో రిపోర్ట్ వచ్చింది. కొరియర్‌తో కలిపి పదిహేను వేలు దాటింది.

అదే సమయంలో మా ఆవిడ పాస్‌పోర్టు మార్పించాం. అందులో ఇంటిపేరు గడి ఖాళీ, పేరంతా ఒకే గడిలో ఉంది. ఇక్కడ అదేం పెద్ద విషయం కాదు. కెనడా ఫారాల్లో మాత్రం ఇంటిపేరు లేకపోతే ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళిపోతుంది, అసలు పేరు గడి ఖాళీగా మిగులుతుంది. తర్వాత లైసెన్సు, బ్యాంకు, హెల్త్ కార్డు, అన్నింట్లోనూ అదే తలనొప్పి. అన్నయ్య ముందే హెచ్చరించాడు. 1,500 కట్టి రీ-ఇష్యూ చేయించాం, మూడు వారాల్లో వచ్చేసింది. పెట్టిన ఖర్చుల్లో దీనికి పెట్టినంత సంతోషంగా దేనికీ పెట్టలేదు.

ఉద్యోగం లెటర్ల దగ్గర అసలు ఆట మొదలైంది. లెటర్‌హెడ్ మీద హోదా, చేసిన పనులు, వారానికి గంటలు, జీతం అన్నీ ఉండాలి. మన హెచ్ఆర్‌ల దగ్గర ఒకటే నమూనా ఉంటుంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా పనిచేశారు, ప్రవర్తన సంతృప్తికరం. నేనే ఒక డ్రాఫ్ట్ రాసుకుని మా పర్చేజ్ మేనేజర్‌గారికి చూపించాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, “వెళ్ళిపోతున్నావా?” అని అడిగారు. ఇంకా రెండేళ్ళు పడుతుంది సార్ అంటే నవ్వి సంతకం పెట్టారు. అంతకుముందు నేను నాలుగేళ్ళు చేసిన కంపెనీ మూతపడింది. దానికి అప్పటి నా సీనియర్ ఒకాయన వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద అఫిడవిట్ ఇచ్చారు. దాని వెనక ఆఫర్ లెటర్, జీతం స్లిప్పులు, ఫామ్ 16లు, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టాను. పీఎఫ్ పాస్‌బుక్‌లో కంపెనీ పేరు, నెలనెలా జమ కనిపిస్తాయి కదా, మూతపడ్డ కంపెనీకి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. ఉద్యోగాలు మారినవాళ్ళు ఆ పాత యూఏఎన్‌లు (పీఎఫ్ నంబర్లు) ముందే కలిపించుకుని పెట్టుకోండి.

జులై చివర్లో ఈఓఐ, అంటే ఆసక్తి ఉందని తెలిపే దరఖాస్తు పెట్టాను, 90 పాయింట్లతో. సెప్టెంబర్‌లో ఇన్విటేషన్ వచ్చింది. ఆఫీసు బస్సులో ఉండగా మెయిల్ చూసుకున్నాను. పక్కసీట్లో ఉన్నది మా అకౌంట్స్ ఆయన, పైకి చెప్పుకునే వీల్లేదు. ఇంటికెళ్ళేదాకా ఆ సంతోషాన్ని పళ్ళబిగువున ఆపుకున్నాను. అప్పట్నుంచి 60 రోజుల్లో పూర్తి ఫైలు అప్‌లోడ్ చెయ్యాలి. అన్నీ సిద్ధంగా ఉన్నాయి, ఆ ఇరవై పాయింట్ల సంగతి తప్ప.

అన్నయ్య, నేను బంధువులమని చూపించాలంటే కాగితాల మీద గొలుసు ఇలా ఉండాలి: నేను మా నాన్న కొడుకుని, అన్నయ్య పెదనాన్న కొడుకు, నాన్న, పెదనాన్న ఒకే తండ్రి బిడ్డలు. మొదటి రెండూ పదో తరగతి మెమోల్లో ఉన్నాయి. మూడోదే లేదు. నాన్న ఎస్ఎస్ఎల్‌సీ పుస్తకంలో తాతయ్య పేరుంది. పెదనాన్న ఏడుతో ఆపేసి పొలంలో దిగారు. ఇద్దరికీ పుట్టిన తేదీ సర్టిఫికెట్లు లేవు, వాళ్ళ కాలంలో ఎవరికున్నాయి? పెదనాన్న దగ్గరున్నది పట్టాదారు పాస్‌పుస్తకం. అందులో తండ్రి పేరుంది కానీ చివర ‘రావు’ లేదు. నాన్న ఎస్ఎస్ఎల్‌సీలో ‘రావు’ ఉంది. ఇక ఇంటిపేరు నా పాస్‌పోర్టులో పూర్తిగా, అన్నయ్య పాస్‌పోర్టులో ఇంకో స్పెల్లింగ్‌తో, నాన్న ఆధార్‌లో ఒట్టి పొడి అక్షరం. ఈ నాలుగు కాగితాలూ పక్కపక్కన పెడితే మేం నాలుగు వేరే కుటుంబాలవాళ్ళం.

దారి చూపించింది ఊళ్ళో సచివాలయంలో పనిచేసే మా దూరపు బంధువు కుర్రాడు. “తాతగారి పేరు మీద ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించు బాబాయ్, అందులో సంతానం అందరి పేర్లూ వస్తాయి” అన్నాడు. చనిపోయినవాళ్ళ వారసుల్ని చూపించడానికి తహశీల్దార్ ఇచ్చే కాగితం అది. తాతయ్య పోయాక పొలం పేరు మార్పించినప్పుడు తీసిన మరణ ధ్రువపత్రం పెదనాన్న ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంది. దాన్ని పెట్టి దరఖాస్తు చేశాం.

దసరా సెలవుల్లో ఊరెళ్ళాను. వీఆర్వోగారు విచారణకి పెదనాన్న ఇంటికే వచ్చారు. అరుగు మీద కుర్చీ వేశాం, ఎదురుగా సాక్షులు ఇద్దరు, తాతయ్యని ఎరిగిన పెద్దవాళ్ళు. ఆయన మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసుకుంటూ, “అబ్బాయ్, కెనడా వాళ్ళకి మీ తాతతో పనేంటయ్యా?” అన్నారు. చెప్పాను. “మరి ఆడపిల్లలు?” అన్నారు. మేనత్తలు ఇద్దరున్నారు, వాళ్ళ ఆధార్లు, సంతకాలు కూడా కావాలన్నారు. సాక్షుల్లో పెద్దాయన, “ఇద్దరు కాదు, ముగ్గురు. నడిపిది చిన్నప్పుడే పోయింది” అన్నాడు. పెదనాన్న తల దించుకున్నారు. ఆ మేనత్త ఉండేదని నాకు అప్పటిదాకా తెలియదు. వీఆర్వోగారు ఆవిడ పేరు కూడా అడిగి రాసుకున్నారు, పక్కన ‘మరణించినది’ అని పెట్టి.

ఆ రాత్రే మచిలీపట్నం నుంచి పెద్దత్తయ్య ఫోను. “ఏరా, పొలం మళ్ళీ కదిలిస్తున్నారా? సంతకాలంటున్నారు?” ఎంత చెప్పినా నమ్మకం కుదర్లేదు ఆవిడకి. కెనడా వెళ్ళడానికి నీకు పాస్‌పోర్టు కావాలి గానీ నా సంతకమెందుకు అంటుంది, అందులోనూ న్యాయముంది. చివరికి నేనూ నాన్నా కలిసి వెళ్ళి, భోజనం చేసి, కాగితం చదివి వినిపించి, పొలం ఊసు అందులో ఎక్కడా లేదని చూపించాక సంతకం పెట్టింది. పెడుతూ, “వెళ్ళేముందు కనబడి వెళ్ళు” అంది.

సర్టిఫికెట్ అక్టోబర్ చివర్లో చేతికొచ్చింది. ఇంకో చిక్కు. పాస్‌పోర్టుల్లో, మెమోల్లో మాది గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక మా ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. సర్టిఫికెట్ మీద బాపట్ల జిల్లా అని వచ్చింది. కెనడాలో కూర్చుని చూసే ఆఫీసర్‌కి ఇవి రెండు ఊళ్ళని అనిపించొచ్చు. జిల్లాల విభజన గెజిట్ కాపీ పెట్టి, ఒక పేజీ వివరణ లెటర్ రాశాను. ‘రావు’ ఉన్నా లేకపోయినా తాతయ్య ఒక్కరేనని నాన్నా, పెదనాన్నా నోటరీ అఫిడవిట్ ఇచ్చారు. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లిష్ అనువాదం, అనువాదకుడి అఫిడవిట్. అన్నయ్య తన వైపు నుంచి సిటిజన్‌షిప్ కాగితం, హెల్త్ కార్డు, ఇంటి బిల్లులు పంపాడు. ఒక పేజీలో వంశవృక్షం గీసి, ప్రతి గీత పక్కనా అది ఏ కాగితంలో రుజువవుతుందో నంబర్ వేశాను. నా ఫైల్లో అన్నిటికంటే పనికొచ్చిన పేజీ అదేనని నా నమ్మకం. బంధుత్వం మీద వాళ్ళు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

డబ్బు చూపించడం గురించి క్లుప్తంగా. ముగ్గురికి అప్పట్లో 20 వేల డాలర్ల పైచిలుకు, అంటే మన పన్నెండున్నర లక్షల దాకా. అప్పు తెచ్చి చూపించకూడదు, గోల్డ్ లోన్ కూడా అప్పే. ఎఫ్‌డీలు, పొదుపు కలిపి తొమ్మిదిన్నర అయ్యాయి, మిగతా మూడు లక్షలు మామగారు గిఫ్ట్ డీడ్‌తో ఇచ్చారు. బ్యాంకు లెటర్‌లో ఖాతా తెరిచిన తేదీ, ఆరు నెలల సగటు నిల్వ, ఉన్న అప్పులు అన్నీ కావాలి. బ్యాంకు సిస్టమ్ నుంచి వచ్చే బ్యాలెన్స్ సర్టిఫికెట్‌లో అవేవీ ఉండవు. మేనేజర్‌గారు మంచాయన, సాయంత్రం కౌంటర్లు మూశాక కూర్చుని తనే టైపు చేసిచ్చారు.

నవంబర్ మొదటివారంలో 350 డాలర్లు కట్టి ఫైలు పంపాను. అప్పటికి కెనడా ఉద్యోగాల జాబితాలో నా పని కోడ్ 1225. అదే నెల 16 నుంచి కోడ్లన్నీ మారిపోయి అది 12102 అయింది. తర్వాత ఫెడరల్ ఫారాల్లో కొత్తది రాయాలి. కంగారు పడక్కర్లేదు, పని అదే.

2023 మార్చిలో నామినేషన్ వచ్చింది. ఇల్లంతా పండగ చేసుకున్నాం. అక్కడితో సగం దారే అయిందని అప్పుడు మాకు అనిపించలేదు. నామినేషన్ వచ్చిన ఆరు నెలల్లో ఫెడరల్ పీఆర్ అప్లికేషన్ పెట్టాలి. ఏప్రిల్‌లో పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పీసీసీలు (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్లు) తీసుకున్నాం, మనిషికి 500. మేలో పీఆర్ పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టాను. అప్పట్లో పెద్దవాళ్ళకి ప్రాసెసింగ్ 850, పీఆర్ హక్కు ఫీజు 515 చొప్పున, బాబుకి 230, బయోమెట్రిక్స్ కుటుంబానికి 170, మొత్తం 3,130 డాలర్లు. అప్పటి రేటుకి లక్షా తొంభై వేలు. 515ని చివర్లో కట్టొచ్చని కొందరు ఆపుకుంటారు. 2024 ఏప్రిల్ 30 నుంచి అది 575 అయింది. ముందే కట్టేసినవాళ్ళకి ఆ బాధ లేదు.

ఫారాల్లో విసిగించేది షెడ్యూల్ ఎ. గత పదేళ్ళలో నెల కూడా ఖాళీ లేకుండా ఎక్కడున్నాం, ఏం చేశాం అని రాయాలి. మా ఆవిడ పెళ్ళికి ముందు బ్యాంక్ కోచింగ్‌కి ఉన్న హాస్టల్ అడ్రస్ కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వీధంతా తిరిగి వచ్చింది. హాస్టల్ పోయి అక్కడ మొబైల్ షాపు ఉందట, డోర్ నంబర్ మాత్రం అదే.

అప్లికేషన్ అందిందన్న లెటర్ (ఏఓఆర్) ఆగస్టులో వచ్చింది. బయోమెట్రిక్స్ సెప్టెంబర్‌లో, హైదరాబాద్ వీఎఫ్‌ఎస్ వీసా కేంద్రంలో అరగంట పని. బాబుకి పద్నాలుగు లోపు కాబట్టి అక్కర్లేదు. మెడికల్స్ నవంబర్‌లో. వాళ్ళ జాబితాలో ఉన్న డాక్టర్ దగ్గరే చేయించాలి. మాకు రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే. బాబుకి ఎత్తు, బరువు చూసి పంపేశారు. ముగ్గురికీ ఇరవై వేల లోపే అయింది. ఈ మెడికల్స్ తేదీ గుర్తుపెట్టుకోండి. అది ఏడాది దాకానే చెల్లుతుంది, చివర్లో వచ్చే వీసా గడువు కూడా సాధారణంగా దాన్ని బట్టే ఇస్తారు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు ఏమీ లేదు. స్టేటస్ ట్రాకర్‌లో ‘బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఇన్ ప్రోగ్రెస్’ అన్న మాట తప్ప. మొదట్లో పొద్దున్నే చూసేవాణ్ణి, తర్వాత రాత్రి పడుకునేముందు కూడా. నాకంటే తర్వాత అప్లై చేసినవాళ్ళకి పాస్‌పోర్ట్ రిక్వెస్టులు వచ్చేస్తుంటే నిద్ర పట్టేది కాదు. ఆఫీసులో ప్రమోషన్ లిస్టులో పేరుంది, ఒప్పుకోవాలో వద్దో తెలియదు. అద్దె ఇంటి ఓనరు అగ్రిమెంట్ రెన్యూవల్ అంటాడు. జూన్‌లో బాబుకి ఒకటో తరగతి, స్కూలువాళ్ళు ఏడాది ఫీజులో సగం ముందే కట్టమన్నారు. కట్టాం, ముప్ఫై ఎనిమిది వేలు పోయినట్టే.

2024 మార్చిలో మామగారికి బైపాస్ అయింది. మా ఆవిడ ఒక్కతే కూతురు. నెల రోజులు విజయవాడలోనే ఉంది. తిరిగొచ్చిన రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ, “ఏవండీ, ఆ వీసా రాకపోతే బాగుణ్ణు” అంది. ఏమీ అనలేకపోయాను. నాకూ కొన్ని రోజులు అలాగే ఉండేది, పైకి అనలేదంతే. మామగారికి సంగతి అర్థమైందో ఏమో, ఫోన్ చేసినప్పుడల్లా మొదటి మాట “కెనడా కాగితాలు ఎంతవరకు వచ్చాయి?” అనే. ఆయన ఇచ్చిన మూడు లక్షలు అడుగుతున్నారేమో అనిపించేంత క్రమం తప్పకుండా అడిగేవారు.

ఏప్రిల్‌లో అన్నయ్య అక్కణ్ణుంచి నా జీసీఎంఎస్ నోట్స్ అడిగాడు. కెనడాలో ఉన్నవాళ్ళు, మన సమ్మతి పత్రంతో, ఐదు డాలర్లకి ఆ దరఖాస్తు పెట్టొచ్చు. మన ఫైలు మీద ఆఫీసర్లు రాసుకున్నదంతా వస్తుంది. నెల దాటాక వచ్చింది. మెడికల్ పాస్, అర్హత పాస్, క్రిమినాలిటీ పాస్, సెక్యూరిటీ ఇంకా జరుగుతోంది. అంతే. దానివల్ల ఫైలు ఒక్క అంగుళం కదల్లేదు కానీ, ఏ కాగితమూ తక్కువ కాలేదని తెలిసింది. ఆ ఐదు డాలర్లకి మళ్ళీ నిద్ర వచ్చింది.

ఆగస్టు రెండోవారంలో పాస్‌పోర్టులు పంపమని మెయిల్. వీఎఫ్‌ఎస్‌లో ఇచ్చిన మూడు వారాలకి వీసాలు, సీఓపీఆర్ కాగితాలు (పీఆర్ ఖాయమైందని చెప్పేవి) వచ్చాయి. గడువు నవంబర్ దాకా, మెడికల్స్ తేదీని బట్టే. నా నోటీస్ పీరియడ్ అరవై రోజులు. పాస్‌పోర్ట్ రిక్వెస్ట్ వచ్చిన రోజే మేనేజర్‌గారికి చెప్పేశాను కాబట్టి సరిపోయింది. వీసా చేతికొచ్చాక రాజీనామా ఇద్దామని కూర్చుంటే మాలాంటి గడువులో ఇరుక్కుపోతారు.

డబ్బు తీసుకెళ్ళే దగ్గర చాలామందికి తెలియని సంగతి టీసీఎస్, అంటే పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను. 2023 అక్టోబర్ నుంచి ఏడు లక్షలు దాటి విదేశాలకి పంపితే, దాటిన మొత్తం మీద 20 శాతం పట్టుకునేవారు. రిటర్న్స్‌లో సర్దుబాటు అవుతుంది నిజమే, కానీ అక్కడ దిగిన నెలలో ఆ డబ్బు మన చేతిలో ఉండదు. ఆ పరిమితి మనిషికి, అంటే పాన్‌కి. అందుకని నా ఖాతా నుంచి ఆరున్నర, మా ఆవిడ ఖాతా నుంచి ఆరున్నర పంపాం. 2025 ఏప్రిల్ నుంచి ఆ పరిమితి పది లక్షలు చేశారు.

వెళ్ళేముందు మచిలీపట్నం వెళ్ళి పెద్దత్తయ్యకి కనబడ్డాం. బాబు చేతిలో ఐదువందలు పెట్టింది.

టికెట్లు ముగ్గురికీ వన్‌వే రెండు లక్షల అరవై వేలు, ఢిల్లీ, టొరంటో మీదుగా. టొరంటోలో ఇమిగ్రేషన్ హాల్లో దాదాపు రెండు గంటలు కూర్చున్నాం. బాబు నేల మీదే పడుకున్నాడు. ఆఫీసర్ అడిగినవి నాలుగైదు ప్రశ్నలు: ఎప్పుడైనా కేసులున్నాయా, చెప్పని పిల్లలెవరైనా ఉన్నారా, డబ్బెంత తెచ్చారు, ఎక్కడుంటారు. సంతకాలు పెట్టించి, “వెల్‌కమ్ హోమ్” అన్నాడు. రోజుకి ఎంతమందికి చెప్తాడో గానీ, మా ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత కస్టమ్స్‌లో బంగారం లిస్టు. వదిన చెప్పినట్టు ఒక్కో నగకీ ఫొటో, విలువ రాసి తీసుకెళ్ళాం. వెనక రాబోయే సామాన్ల జాబితా కూడా అప్పుడే ఇవ్వాలి, తర్వాత ఇస్తానంటే కుదరదు. పచ్చళ్ళు, పొడులు ఉన్నాయని రాశాం, వదిలేశారు.

రెజైనాలో మూడు వారాలు అన్నయ్య ఇంట్లో ఉన్నాం. సిన్ నంబరు (ఉద్యోగానికి, పన్నులకి కావాల్సింది), బ్యాంకు, హెల్త్ కార్డు దరఖాస్తు, బాబు స్కూలు, చైల్డ్ బెనిఫిట్ ఫారాలు, ఇవన్నీ పది రోజుల పని. ఇల్లు దొరకడమే కష్టమైంది. అందరూ క్రెడిట్ హిస్టరీ అడుగుతారు, వచ్చి వారమైనవాళ్ళకి అదెక్కడిది? అన్నయ్య హామీ సంతకం పెట్టాడు. డిపాజిట్ ఒక నెల అద్దెకి మించకూడదు, అందులోనూ సగం ముందిచ్చి మిగతాది రెండు నెలల్లో ఇవ్వొచ్చు. వదిన చెప్పకపోతే మొత్తం ఒకేసారి ఇచ్చేసేవాళ్ళం. చలి బట్టలు హైదరాబాద్‌లో కొనొద్దు. మేం కొన్న జాకెట్లు అక్టోబర్ దాకా పనికొచ్చాయి. ఇక్కడ కార్ల బానెట్ ముందు నుంచి ఒక ప్లగ్గు వైరు వేలాడుతూ ఉంటుంది, గడ్డకట్టే చలి రాత్రుల్లో దాన్ని గోడ సాకెట్‌లో పెట్టి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచకపోతే పొద్దున స్టార్ట్ కాకపోవచ్చు. బాబు మొదటిరోజు దాన్ని చూసి కారుకి ఛార్జింగ్ పెడుతున్నారనుకున్నాడు.

ఒక మాట. మేం వచ్చిన దారి ఇప్పుడు అంత తెరిచి లేదు. 2025లో ఫెడరల్ ప్రభుత్వం నామినేషన్ కోటాలు సగానికి కోసింది. సస్కాచెవాన్‌కి మొదట దక్కినవి 3,625. అందులో నాలుగింట మూడొంతులు ఇప్పటికే కెనడాలో ఉన్నవాళ్ళకే వెళ్ళాలన్నారు. ఇండియాలో కూర్చుని అప్లై చెయ్యాలనుకునేవాళ్ళు కన్సల్టెన్సీకి అడ్వాన్స్ ఇచ్చేముందు ప్రావిన్స్ వెబ్‌సైట్‌లో ఈ ఏడాది ఎన్ని డ్రాలు తీశారో చూడండి. ఎవరి మాటా కాదు, అది చూడండి.

ఖర్చులు లెక్కేస్తే ఫీజులు, పరీక్షలు, కాగితాలు, టికెట్లు, పోయిన స్కూలు ఫీజు అన్నీ కలిపి ఆరు లక్షల దగ్గర తేలింది, తెచ్చుకున్న డబ్బు కాక. ఆ తెచ్చుకున్నదాంట్లో సగం జనవరికల్లా అయిపోయింది. నవంబర్ నుంచి ఒక గోడౌన్‌లో గంటకి 17 డాలర్లకి సరుకు ఎత్తి దించాను. అప్పటికి ఇక్కడ కనీస వేతనం 15. పదేళ్ళ పర్చేజ్ అనుభవం ఎవరూ అడగలేదు, ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ ఉందా అని మాత్రం అడిగారు. అది చేసుకున్నాను. ఫిబ్రవరిలో ట్రాక్టర్ల విడిభాగాలు అమ్మే ఒక సంస్థలో స్టాక్, ఆర్డర్లు చూసే పని దొరికింది. ఇంటర్వ్యూలో ఎక్కువసేపు మాట్లాడింది హైదరాబాద్ గురించి కాదు, ఆ గోడౌన్‌లో చేసిన మూడు నెలల గురించే. మా ఆవిడ ఇప్పుడు డేకేర్ కోర్సు చేస్తోంది. వేసవిలో మామగారిని, అత్తగారిని విజిటర్ వీసా మీద పిలిపించాలని చూస్తున్నాం. దానికి ఆయన గుండె రిపోర్టులు కావాలి, నిన్ననే స్కాన్ చేసి పంపించారు.